పేర్లు పోయిన గొంతులు

ఈ నెలంతా నేను ఒక పాత ఐపాడ్‌తోనే కాలక్షేపం చేశాను. ఛందస్సు చెప్పుకొని బ్రతికినవాడికి యంత్రాల గొడవ ఎందుకని మా ఇంట్లో విసుక్కున్నారు. కారణం చెబుతాను, వినండి.

1980ల నుండి నేను పదిలపరచుకొన్న కాసెట్లు 40 ఉండేవి. పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవం రచించిన మా ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో మా గురువుగారు చదివిన భారత పద్యాలు కొన్నింటిలో, జమ్మలమడుగు నాటకాల హార్మోనియం పద్యాలు కొన్నింటిలో ఉండేవి. ఒకదానిలో మా అమ్మ విసురురాయి త్రిప్పుతూ పాడిన పాట. మేనల్లుడు 2006లో అమెరికా నుండి 30 గిగాబైట్ల ఐపాడ్ తెచ్చి ఇచ్చినప్పుడు వాటినన్నింటినీ అందులోకి ఎక్కించుకొన్నాను. నాణ్యత తగ్గరాదని వేవ్ దస్త్రాలుగానే ఉంచాను. నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు. 40 గంటలకు 24 గిగాబైట్లు. లెక్క చక్కగా సరిపోయిందని మురిసిపోయి, బూజుపట్టిన కాసెట్లను పారవేశాను. కంప్యూటరులోని నకలు 2015లో ఆ కంప్యూటరుతోపాటే పోయింది. ఈ రెండు తప్పులూ నావే.

గత శ్రావణంలో ఐపాడ్ టిక్కుటిక్కుమనసాగింది. లోపల తిరిగే 1.8 అంగుళాల హార్డ్‌డిస్కు అలసిపోయిన చప్పుడది. మా ఊళ్ళో ఒక దుకాణంలో చూపిస్తే, 'రిస్టోర్ చేస్తే సరి' అన్నారు. రిస్టోర్ అనగా పునరుద్ధరణ అని నిఘంటువు. ఇక్కడ దాని అర్థం ఉన్నదంతా తుడిచివేసి, ఫార్మాట్ చేసి, ఖాళీ పలక చేతికివ్వడం! విపరీతార్థం గ్రహించి, పరికరం జేబులో వేసుకొని జమ్మలమడుగు బస్సెక్కాను. అక్కడ నా పూర్వ విద్యార్థి ఒకడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.

"దీన్ని ఇప్పుడే తెరవద్దు సార్, ముందు లోపలివి బయటికి తీద్దాం" అన్నాడు. వ్యాకరణంలో ఏనాడూ ముందుండని కుర్రవాడు. ఆనాడు వాడే నాకు గురువు. చక్రం వేడెక్కినప్పుడల్లా ఆపుతూ మూడు రోజులు నకలు తీశాడు. 37 దస్త్రాలు చదవబడలేదు.

వచ్చినవాటికైనా పేర్లు లేవు. ఐపాడ్ పాటలను దాపుడు అరలలో నాలుగేసి అక్షరాల అర్థంలేని పేర్లతో దాచుకొంటుందట. ఏది ఏ పాటో తెలిపే పట్టిక వేరుగా ఉంటుంది. నావి వేవ్ దస్త్రాలు కావడంతో నేను వ్రాసిన శీర్షికలు ఆ పట్టికలోనే ఉన్నాయి. చక్రం దెబ్బతిన్నదీ సరిగ్గా అక్కడే.

తరువాత వాడు ప్లాస్టిక్ పలుకుతో వెనుకమూత విప్పాడు. మూతకు అంటిన బ్యాటరీ పట్టీ తెగకుండా ఊపిరి బిగబట్టి చూశాను. హార్డ్‌డిస్కు స్థానంలో చిన్న అడాప్టరు, దానిలో 64 గిగాబైట్ల మెమరీ కార్డు. ఆ పరిమాణపు కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, ఐపాడ్‌కు అది అర్థం కాదు. అందుచేత విండోస్ కంప్యూటరుకు తగిలించి, ఐట్యూన్స్‌లో అదే 'రిస్టోర్' మీట నొక్కాడు. ఫ్యాట్32గా ఫార్మాట్ అయింది. ఈసారి ఆ మాట నిఘంటువుకు కట్టుబడింది.

2001లో పుట్టి 2022లో తయారీ ఆగిన వస్తువుకు ఇంత సేవ ఎందుకని మీరు అడగవచ్చు. సేవ వస్తువుకు కాదు. ఇంటికి వచ్చి ఒక్కొక్క దస్త్రమే విని పేరు పెట్టడం మొదలుపెట్టాను. గుడిగంట వినిపిస్తే గురువుగారు. ప్రేక్షకుల ఈల వినిపిస్తే జమ్మలమడుగు. కడపలో బ్రౌన్ దొర పండితులచేత తాళపత్ర ప్రతులు సరిపోల్పించిన పని ఎంత ఓర్పుతో కూడినదో నాకిప్పుడు తెలిసివచ్చింది.

అమ్మ పాట మాత్రం దొరకలేదు. అది ఆ 37లో పోయింది.

మా అక్క పులివెందులలో ఉంటుంది. ముద్దనూరు మీదుగా వెళ్ళి, ఆమె ముందు ఫోను పెట్టి పాడమన్నాను. కొంతసేపు సిగ్గుపడి, కళ్ళు మూసుకొని మొత్తం పాడింది. రెండవ చరణంలో ఒక మాట నేను విన్నట్లు లేదు. అమ్మ అలా అనేది కాదన్నాను.

"నీకేం తెలుసురా, నువ్వు పండుకొని వింటాంటివి, నేను రాయి తిప్పుతాంటి" అంది అక్క.

ఏది మూలపాఠమో తేల్చడానికి ఆధారప్రతి లేదు. దస్త్రానికి అమ్మ పేరు పెట్టాలా, అక్క పేరు పెట్టాలా అని ఇంకా ఆలోచిస్తున్నాను.