మొరం బాట

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా వ్రాయవలసిందని మా తెలుగు అధ్యాపకులు ఆదేశించినప్పుడు, పరుగెత్తేవారి బూట్లను గూర్చి వ్రాస్తానని మనవి చేశాను. తరగతిలో నవ్వులు వినిపించాయి. దేశభక్తి, కాలం విలువ, మాతృప్రేమ మొదలైన ఉదాత్త విషయాల నడుమ బూట్లకు చోటెక్కడిదని మిత్రుల అభిప్రాయం. వారిని తప్పుపట్టను. కాని మా ఇంటికి రావలసిన ఒక ఉద్యోగం ఏడు వారాల తొందర వల్ల, కొంత ఒక జత బూట్ల వల్ల చేజారిపోయింది. ఈ పుటలు చదివేవారిలో పలువురు అదే ఉద్యోగపు పరీక్షకు సిద్ధమవుతున్నారు గనుక ఆ సంగతి ఇక్కడనే చెప్పడం సబబని తోచింది.

మాది పాల్మాకుల గ్రామం. శంషాబాదు దాటి బెంగుళూరు రహదారి వెంట దక్షిణంగా వస్తే తగులుతుంది. ఆ రహదారికి ఇప్పుడు 44 అని సంఖ్య. మా పెద్దలు మాత్రం నేటికీ ఏడో నంబరు రోడ్డనే అంటారు. ఇంట్లో మా మాట ఉర్దూ, గడప దాటితే తెలుగు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైననాటికి నేను పసివాణ్ణి. విమానాల రొద లేని ఊరు నాకు జ్ఞాపకం లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు రహదారి పక్కన నిలబడితే లారీల దీపాల వెలుగులో పరుగెత్తే యువకులు కనబడతారు. ఆరోగ్యం కోసం పరుగెత్తేవారు వారిలో స్వల్పం. తక్కినవారిది పోలీసు ఉద్యోగపు పరుగు. 2022 నాటి నియామక ప్రకటనలో పురుషులు 1600 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలని నియమం. కాగితం మీద చూస్తే ఇది గొప్ప వేగమేమీ కాదు. ఏడాదిపాటు పుస్తకాల ముందు కూర్చున్న కాళ్ళకు మాత్రం గొప్పదే.

మా అన్న ఆ ప్రకటనలో ప్రాథమిక వ్రాతపరీక్ష నెగ్గాడు. ఫలితాలు వచ్చేనాటికి దేహదారుఢ్య పరీక్షకు ఏడు వారాలు మిగిలాయి. అంగడిలో చవకగా దొరికిన కాన్వాసు బూట్లు కొన్నాడు. వాటి అడుగు ఎంత పలుచనంటే, నేల మీది కంకరరాయి ఆకారాన్ని అరికాలితో చెప్పవచ్చు.

మొదటి వారం అన్నకు ఊపిరి ఆడేది కాదు. రెండవ వారం ఆయాసం తగ్గింది. మూడవ వారానికి మాట్లాడుతూ పరుగెత్తగలిగాడు. అసలు కష్టానికి మూలం ఆ సుఖమే. ఊపిరి కుదిరింది గనుక కాళ్ళూ కుదిరాయని నమ్మాడు. అప్పటిదాకా మూడు కిలోమీటర్లకు మించనివాడు ఒక ఆదివారం తారురోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, అమ్మీ ఇచ్చిన చాయ్ తాగుతూ, "ఇంక నాకు భయం లేదురా" అన్నాడు. మూడు రోజుల తర్వాత మోకాలికీ చీలమండకూ నడుమ, ముందెముక లోపలి అంచున నొప్పి మొదలైంది. మొదట్లో అది పరుగు ఆరంభంలో కనబడి, ఒళ్ళు వేడెక్కగానే మాయమయ్యేది. తరువాత పరుగంతా ఉండేది. ఆ తరువాత రాత్రి పడుకున్నా వదిలేది కాదు. నరం పట్టి ఉంటుందని అమ్మీ నువ్వులనూనె కాచి రాసింది. మైదానంలో తోటివారు నొప్పి మీదనే పరుగెత్తమని, అదే పోతుందని ధైర్యం చెప్పారు. ఇటువంటి ధైర్యం చెప్పేవారు ఏ మైదానంలోనైనా ఉంటారు; కాళ్ళు వారివి కావు గదా!

పరీక్షలో నాలుగు చుట్లు తిరగాలి. మూడవ చుట్టు సగంలో అన్న ఆగిపోయాడు. నేను గేటు బయట నిలబడి ఉన్నాను. కుంటుతూ వచ్చి, బూట్లు విప్పి చేతబట్టుకొని బస్సెక్కాడు. ఇల్లు చేరేదాకా ఒక్క మాట లేదు.

పట్నంలో చూపించగా, ఎముకలో సన్నని పగులున్నదని వైద్యుడు తేల్చాడు. ఆయన చెప్పిన విషయం నేను మరువలేదు. ఎముక గోడవంటిదే గాని, తనను తాను బాగుచేసుకునే గోడ. కొత్త బరువు పడినప్పుడు అది ముందుగా పాత ఇటుకలను తీసివేస్తుంది. కొత్తవి పేర్చడం ఆ తర్వాతి పని. ఈ రెంటి నడుమ కొన్ని వారాలపాటు గోడ మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలో పరుగుకు అలవాటు పడతాయి. ఎముకలకూ, కండరాలను ఎముకలకు కట్టి ఉంచే పట్టీలకూ నెలలు కావాలి. అన్న తన ఊపిరిని నమ్మి, సరిగ్గా ఇటుకలు తీసిన సమయంలోనే గోడ మీద బరువు రెట్టింపు చేశాడు.

మా దాదా ఈ వివరణ విని ఏమాత్రం ఆశ్చర్యపడలేదు. ఆయన వయసులో ఉన్నప్పుడు చెలకలో ఎద్దులతో సేద్యం చేసినవాడు. కోడెకు కాడి అలవాటు చేసేటప్పుడు మొదట వట్టి కాడి వేసి తిప్పేవారట; తర్వాత తేలికపాటి మొద్దును లాగించేవారట; నాగలి కట్టడం ఎన్నో దినాలకు గాని లేదు. "తొందరపడినవాడి కోడె మెడ పుండు పడేది. ఆ మెడతో ఆ ఏటి దుక్కి పోయినట్టే" అన్నాడు. నేను బూట్ల ప్రసక్తి తెచ్చాను. "చెలకలో తిరిగే ఎద్దుకు నాడాలెందుకు? పట్నానికి బండి కట్టే ఎద్దుకే కొట్టించేవాళ్ళం. రోడ్డు గిట్టను తినేస్తుంది" అన్నాడు. నేలను బట్టి నాడా అన్న ఆ మాట నా మనస్సులో నాటుకొన్నది.

వట్టికాళ్ళతో పరుగెత్తడమే మేలని వాదించే మిత్రుడొకడు మా తరగతిలో ఉన్నాడు. 1960 రోము ఒలింపిక్సులో ఇథియోపియా వీరుడు అబెబె బికిలా వట్టికాళ్ళతో మారథాన్ గెలిచాడన్నది అతని బ్రహ్మాస్త్రం. నిజమే. కాని అదే బికిలా 1964 టోక్యోలో బూట్లు తొడిగి మళ్ళీ గెలిచాడన్న సంగతి అతడు చెప్పడు. మన దేశపు ఫుట్‌బాలు చరిత్రలోనే ఇంకా మంచి ఉదాహరణ ఉన్నది. 1948 లండన్ ఒలింపిక్సులో మనవారు చాలమంది బూట్లు లేకుండానే ఆడి ఫ్రాన్సు చేతిలో 2–1 తేడాతో మాత్రమే ఓడి అందరి మెప్పు పొందారు. 1952లో హెల్సింకి చలిలో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాతనే మన జట్టుకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఆ జట్టుకు శిక్షకుడు మన హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం తెచ్చిన జట్టుకూ ఆయనే శిక్షకుడు. మన ఎండు మైదానంలో చెల్లిన వట్టికాలు అక్కడి నేల మీద చెల్లలేదు.

2023లో ఈ కళాశాలలో చేరిన తర్వాత నేను పరుగు మొదలుపెట్టాను. అన్నే నా శిక్షకుడు. మొదటి ఆరు వారాలు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. మొత్తం ఇరవై నిమిషాలు, అదీ రోజు విడిచి రోజు. దారిన పోయే ముసలివారు నన్ను దాటిపోయేవారు. సిగ్గుగా ఉండేది. మాట్లాడలేనంత వేగం పెంచితే అన్న వెనుకనుండి కేకవేసేవాడు. ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఇంటి మెట్టు అంచున నిలబడి మడమలెత్తి దించే వ్యాయామం మాత్రం మొదటి రోజునుండే చేయించాడు. పిక్క గట్టిపడితే ముందెముక మీద పడే భారం కొంత తగ్గుతుందని వైద్యుడు చెప్పాడట.

వారానికి పది శాతం చొప్పున దూరం పెంచితే గాయాలుండవని ఒక సూత్రం ప్రచారంలో ఉన్నది. నేనూ దానిని నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాను. తరువాత చదివితే ఆ ధీమా సడలింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 532 మంది కొత్తవారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 13 వారాల నిదానపు శిక్షణ, రెండవ జట్టుకు 8 వారాల శిక్షణ ఇచ్చి చూశారు. 2008లో ప్రచురించిన ఫలితం ప్రకారం రెండు జట్లలోనూ గాయపడినవారు ఇంచుమించు సమానమే, ఐదుగురిలో ఒకరు. 2025లో ఐదువేలకు పైబడిన పరుగువారి లెక్కలతో వెలువడిన అధ్యయనం మరొక వైపు వేలు చూపింది: గడచిన 30 దినాలలో తాను పరుగెత్తిన అతి పొడవైన దూరాన్ని ఒక్క పరుగులో 10 శాతానికి మించి దాటినవారికే ప్రమాదం పెరిగిందట. అది చదివినప్పుడు అన్న ఆదివారం నాకు గుర్తుకు వచ్చింది. మూడునుండి ఎనిమిది! అన్నకు చూపించాను. చదివి, ఏమీ అనకుండా కాగితం మడిచి ఇచ్చాడు.

అప్పటినుండి నేను వారపు మొత్తంకన్నా ఒక్కనాటి అత్యాశకే ఎక్కువ భయపడతాను. మరునాటి ఉదయం మంచం దిగి వేసే మొదటి అడుగును గమనిస్తాను. వేలితో నొక్కితే ముందెముక మీద ఒక్క బిందువులో నొప్పి ఉంటే ఆ రోజు పరుగు లేదు. 2024లో రంజాను నెలలో దూరం సగానికి తగ్గించాను. ఈదు మరునాడే పాత దూరం అందుకోబోతే అన్న అడ్డుపడి మూడు వారాలు పట్టించాడు. ఆ మూడు వారాలు అతనితో పోట్లాడుతూనే ఉన్నాను.

ఇక బూట్లు. తారురోడ్డు మీద లారీల భయం, అడుగడుగునా ఒకే తాకిడి. అందుచేత ఊరి వెనుక చెలకల నడుమ పోయే మొరం బాటకు మారాం. ఇప్పుడా చెలకలలో ప్లాట్ల హద్దురాళ్ళు పంటకన్నా దట్టంగా ఉన్నాయి; అయినా బాట మిగిలే ఉన్నది. ఎత్తుపల్లాలు, వదులు కంకర, మధ్యలో పరుపుబండ, వాన పడితే జారుడు. అన్న పాత బూట్లతో వెళ్ళిన మూడవనాడు తుమ్మముల్లు అడుగును చీల్చుకొని అరికాలిలో దిగింది. అప్పుడే అన్న తన జీతంలోనుండి నాకు ట్రయల్ బూట్లు కొనిపెట్టాడు. విమానాశ్రయం సరుకుల గోదాములో రాత్రిపూట పని అతనిది. వాటి ధర ఎన్ని రాత్రులకు సమానమో నాకు తెలుసు గనుక ఇక్కడ వ్రాయను.

ఈ బూట్ల అడుగున ట్రాక్టరు టైరు పళ్ళవంటి గుబ్బలుంటాయి. వదులు నేలను అవి పట్టుకొంటాయి. ముందు వ్రేళ్ళకు రాయి తగలకుండా గట్టి రబ్బరు అంచు ఉంటుంది. కొన్నింటిలో అరికాలి కింద రాళ్ళ మొనలను ఆపే పలుచని పలక కూడా ఉంటుంది. కొనేటప్పుడు సాయంకాలం వెళ్ళాం, పగలంతా తిరిగిన పాదం కొంత ఉబ్బి ఉంటుంది గనుక. బొటనవ్రేలి ముందు వ్రేలెడు ఖాళీ ఉండేటట్లు చూశాం; లేకపోతే దిగుడులో గోళ్ళు నల్లబడతాయి. మొదటి వారం వాటితో నడిచాను గాని పరుగెత్తలేదు. తారు మీద మాత్రం వీటిని తొడగకూడదు; గుబ్బలు అరిగిపోతాయి, అడుగు గట్టిగా తగులుతుంది. పరీక్ష జరిగేది మైదానంలో గనుక దానికి వేరే తేలిక బూట్లు, అవీ నెలల ముందే అలవాటు కావాలి. ఇంతా చెప్పి ఒకమాట ఒప్పుకోవాలి: ఈ బూట్లు ముల్లును ఆపాయి, జారుడును ఆపాయి. అన్న ఎముకను ఇవి కాపాడి ఉండేవి కావు.

మొన్న మైదానంలో నా 1600 మీటర్లు 6 నిమిషాల 48 సెకన్లు పట్టాయి. అన్నకు వయఃపరిమితి దాటిపోయింది. అయినా గోదామునుండి తెల్లవారుజామున వచ్చి, నిద్రపోకుండా నాతో బాటకు వస్తాడు. ఆ కాలు ఇప్పుడు నొప్పి పెట్టదు. నిన్న ఐదవ కిలోమీటరు వద్ద, మర్రిచెట్టు దగ్గర ఆగిపోయాడు. నాకింకా ఊపిరి ఉన్నదన్నాను.

"ఊపిరి సంగతి నేను అడగలేదురా" అని వెనుదిరిగాడు. తలమీదుగా ఒక విమానం దిగుతూ పోయింది. ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి వచ్చాం.