అమ్మ పేరు

ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా అమ్మ పేరు చేతిమీద పచ్చబొట్టు పొడిపించుకోవాలని నాకు గట్టి కోరిక పుట్టింది. అమ్మ చేతిమీద నాన్న పేరుంది మరి! కానీ సూదంటే నాకు భయం. "మొద్దుబారే క్రీము రాసుకోరా, నొప్పే తెలియదు" అన్నాడు రూమ్మేటు.

జాతర రోజు మోచేతి నుండి మణికట్టు దాకా ట్యూబు మొత్తం పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టాను. పచ్చబొట్టు వాడి దగ్గరికి చేరకముందే నాలుక తిమ్మిరెక్కింది. చెవుల్లో హోరు. కళ్ళు తిరిగి కూలబడ్డాను. మిత్రులే ఆస్పత్రికి మోసుకెళ్ళారు.

క్రీములోని లిడోకెయిన్ చర్మంతో ఆగదనీ, ఎక్కువ మేర రాసి కవరు చుడితే రక్తంలోకి ఎక్కుతుందనీ డాక్టరుగారు చెప్పారు. ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. డాక్టరు చీటీ లేకుండా అమ్మే, 4 శాతం మించిన లిడోకెయిన్ క్రీములు చర్మానికి రాయవద్దని 2024లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా హెచ్చరించింది.

తమ్ముళ్ళూ, పొడిపించుకోవాలనుకుంటే 18 ఏళ్ళు నిండనివ్వండి. కడుపునిండా తిని వెళ్ళండి. మీ కళ్ళముందే కొత్త సూది విప్పించండి. పాత సూదితో హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. రావచ్చు. నొప్పికని మద్యం, ఆస్పిరిన్ జోలికి పోకండి, రక్తం ఎక్కువ కారుతుంది. నొప్పి ఓర్చుకోలేకపోతే కాసేపు ఆపమనండి, సిగ్గేమీ లేదు.

ఆ రాత్రి రెండు బస్సులు మారి వచ్చిన అమ్మ నా చెయ్యి నిమురుతూ, "నా పేరు రాసుకోకపోతే నీకు అమ్మను కాకుండా పోతానా నాయనా?" అంది.

నా చెయ్యి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.