ఇది ప్రశ్నా, వార్తా?



మారేడ్‌పల్లిలో మా వీధి చివర పాల దుకాణం బోర్డు మీద “తాజా” పాలు అని కొటేషన్ల మధ్య రాసి ఉంటుంది. చూసినప్పుడల్లా నాకు ఆ పాల మీద అనుమానం వస్తుంది. ఇక వాట్సాప్‌లో ఫుల్‌స్టాప్ అన్నదే కనిపించదు. “రేపు వస్తాను...... ఫీజు కడతాను......” ఆరు చుక్కలు పెట్టే ఓపిక ఉన్నవాళ్లకు ఒక్క చుక్క దగ్గర ఆగడానికి ఏం కష్టమని ఇంట్లో విసుక్కునేదాన్ని.

అలాంటి నేనే తప్పు చేశాను. కిందటి జూలైలో ఒక రాత్రి వాన కుండపోతగా కురుస్తోంది. మా క్లాసు తల్లుల గ్రూపులో “రేపు స్కూల్ లేదు” అని పెట్టి పడుకున్నాను. నేను అడిగింది ప్రశ్న. నోటితో అని ఉంటే గొంతు పైకి లేచేది, అందరికీ అర్థమయ్యేది. ‘లేదా’ అని రాసినా సరిపోయేది. వానలకు సెలవులిచ్చే రోజులు కాబట్టి కొందరు వార్త అనుకుని నమ్మేశారు. తెల్లారితే స్కూల్ ఉంది, యూనిట్ టెస్ట్ కూడా ఉంది. ముగ్గురు పిల్లలు ఇంట్లోనే ఉండిపోయారు. “వారం నుంచి చదివిందక్కా, ఒకటే ఏడుస్తోంది” అని ఒక పాప తల్లి ఫోన్ చేస్తే నా దగ్గర జవాబు లేదు.

తెలుగులో ప్రశ్న గుర్తు లేకపోయినా చాలావరకు గడిచిపోతుంది. ‘వచ్చాడు’ను ‘వచ్చాడా’ అంటే చాలు, ప్రశ్న అయిపోతుంది. పాత తాళపత్రాల్లో మాటల మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు; పైకి చదివేవారి గొంతే ఆగవలసిన చోట ఆగేది. కామా, ప్రశ్న గుర్తు వంటివి ఇంగ్లీషు వాడుకను చూసి, అచ్చు పుస్తకాలతో మనకు అలవాటయ్యాయి. గొంతు వినిపించని చోట దాని పని చేసేవి ఇవే. ఫోన్‌లో మనం మాట్లాడినట్టే టైపు చేస్తాం, గొంతు మాత్రం మన దగ్గరే ఉండిపోతుంది.

పిల్లలకు ఇది సరదాగానే చెప్పవచ్చు. మావాడు ఒకసారి “రాను, రాను రాజుగారి గుర్రం గాడిద అయింది” అని రాశాడు. “రానంటున్నది ఎవర్రా, రాజుగారా, గుర్రమా?” అని అడిగితే పడీ పడీ నవ్వాడు. మళ్లీ ఆ కామా పెట్టలేదు.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. గ్రూపులో మెసేజ్ పంపే ముందు మీ పిల్లల చేత పైకి చదివించండి. గొంతు కాస్త ఆగిన చోట కామా, మాట ముగిసిన చోట ఒకే ఒక్క చుక్క, అడిగిన చోట ప్రశ్న గుర్తు వాళ్లనే పెట్టమనండి. గుర్తు ముందు మాటకు అంటుకుని ఉండాలి, ఖాళీ దాని తరువాతే.

టీచర్‌గారు ఆ ముగ్గురికీ మళ్లీ టెస్ట్ పెట్టారు. నేను ఆ పాప ఇంటికి వెళ్లి క్షమించమని అడిగి వచ్చాను. ఇప్పటికీ గ్రూపులో నేను ఏం రాసినా, “ఇది ప్రశ్నా, వార్తా?” అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

– ఒక తల్లి, సికింద్రాబాద్ శాఖ