పాకాల షెడ్డులో ఒకే గరాటు

గూడూరు–కాట్పాడి రైలుమార్గం నుంచి ధర్మవరం లైను విడిపోయేది పాకాలలోనే కాబట్టి ఈ ఊరిని అందరూ జంక్షన్‌గానే గుర్తుపెట్టుకుంటారు. కానీ ఇక్కడి కార్లకు ఘాట్ రోడ్లతో రోజూ పని. తిరుమల నుంచి దిగే బండ్లు 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా రావాలి. తిరుపతి నుంచి మదనపల్లె వైపు పోతే భాకరాపేట ఘాట్ తగులుతుంది. బ్రేక్ ఆయిల్ మార్చే పని చూడాలని రోడ్డు పక్కనున్న ఓ మెకానిక్ షెడ్డుకు వెళ్లాను. కారు తెచ్చినవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: బండిలో ఉన్నది డాట్ 3 రకం ఆయిల్ అయితే డాట్ 4 పోయొచ్చా, రెండూ కలిస్తే ఏమవుతుంది? అడగాల్సిందే గానీ, షెడ్డులో పని జరిగే తీరు చూశాక దీనికి మనం లేనిపోని పెద్దరికం కట్టబెట్టామనిపించింది. డబ్బా మీద అంకె మారితే జరిగే నష్టం చిన్నది. గరాటు మారితే జరిగేది చాలా పెద్దది.

ముందు అంకెల సంగతి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ గ్లైకాల్ ఈథర్ జాతివే. కలిపినా విరగవు, బ్రేకులోని రబ్బరును పాడుచేయవు. తేడా అంతా మరిగే వేడిలో ఉంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230 దాకా. కలిపితే ఆ బలం మధ్యలో ఎక్కడో నిలుస్తుంది, అంతే. డాట్ 4 అడిగే బండికి డాట్ 3 పోయడం మంచిది కాదు గానీ, దారిలో దొరక్క పోసినంత మాత్రాన బ్రేకు కూలిపోదు. నిజంగా కలపకూడనిది డాట్ 5. పేరు 5.1కి దగ్గరగా ఉన్నా అది సిలికాన్. గ్లైకాల్‌తో కలవదు, నీటిని తనలో కరిగించుకోదు, ఏబీఎస్ ఉన్న బండికి పనికిరాదు. అంకె పెద్దదైతే సరుకు మేలనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఇక గరాటు. షెడ్డు బల్ల మీద ఎర్రటి పవర్ స్టీరింగ్ ఆయిల్, ఇంజన్ ఆయిల్, మూత వదులుగా ఉన్న సగం బ్రేక్ ఆయిల్ డబ్బా పక్కపక్కనే ఉన్నాయి. అన్నింటికీ గరాటు ఒకటే, తుడిచే వేస్ట్ గుడ్డా ఒకటే. బ్రేకులోని రబ్బరు కప్పులను గ్లైకాల్‌కు సరిపడేలా తయారుచేస్తారు. పెట్రోలియం నూనె తగిలితే అవి నానిన శనగల్లా ఉబ్బుతాయి. మాస్టర్ సిలిండర్‌లో కప్పు ఉబ్బి, ఆయిల్ వెనక్కి వచ్చే సన్నటి రంధ్రాన్ని మూసేసిందంటే పెడల్ వదిలినా బ్రేకు వదలదు. చక్రం వేడెక్కుతుంది. మెకానిక్ చక్రం విప్పి బ్రేక్ షూను అనుమానిస్తాడు, అక్కడ ఏ తప్పూ కనబడదు. ముందు చూడాల్సింది మాస్టర్ సిలిండర్ మీది ఆయిల్ డబ్బా మూత కింది రబ్బరు. అది సాగి, ముడతలు పడి, తన చోట కూర్చోకపోతే నూనె లోపలికి పోయిందని అనుమానించాలి. అప్పుడు కొత్త ఆయిల్ పోసి కడిగినా లాభం లేదు, ఎందుకంటే నూనె రబ్బరులోకి ఇంకిపోయి ఉంటుంది. మాస్టర్ సిలిండర్ కిట్టు, వీల్ సిలిండర్ కిట్లు, కాలిపర్ సీళ్లు, హోసులు అన్నీ మార్చాలి. ఏబీఎస్ ఉంటే దాని యూనిట్ కూడా పోవచ్చు. కిరోసిన్‌తోనో పెట్రోలుతోనో సిలిండర్ కడిగే అలవాటు తెచ్చిపెట్టేదీ ఇదే ముప్పు. కడగడానికి కొత్త బ్రేక్ ఆయిలే వాడాలి.

అన్నింటికీ ఒకే గరాటు, మూత వదులైన డబ్బా ఏమిటంటే షెడ్డులో వచ్చిన జవాబు: "ఇన్నేండ్లుగా ఇట్లే పోస్తా ఉండాం సామీ, ఏమీ కాలా." అనుభవాన్ని తోసిపుచ్చలేం. కానీ ఆ అనుభవం ఎక్కువగా చదును రోడ్డుది. మూత వదులుగా ఉన్న ఆ డబ్బా సంగతే చూడండి. గ్లైకాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు 3.7 శాతానికి చేరేసరికి ప్రమాణం ప్రకారం డాట్ 3కి మిగిలే హామీ 140 డిగ్రీలు, డాట్ 4కి 155. అంటే మూత తీసి నెలల తరబడి ఉంచిన డాట్ 4 కన్నా అప్పుడే సీలు తీసిన డాట్ 3 మేలు కావచ్చు. సంతకూ స్టేషన్‌కూ తిరిగే కారులో ఈ తేడా బయటపడదు. ఘాట్ దిగేటప్పుడు కాలు పెడల్ మీదే ఉంటే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకు దిగిపోతుంది. చల్లారితే పెడల్ మళ్లీ గట్టిగానే ఉంటుంది. మర్నాడు షెడ్డుకు తెస్తే చూపించడానికి ఏమీ ఉండదు, నింద డ్రైవరు మీద పడుతుంది. "ఏమీ కాలా" అనే మాటకు బలం వచ్చేది ఇలాగే. రాయలసీమ పొడి నేల కదా, ఇక్కడ తేమెక్కడిదనే వాదనా నిలవదు. ఈశాన్య రుతుపవనాల వాన ఈ ప్రాంతానికి బాగానే అందుతుంది, హోసుల రబ్బరు గుండా కూడా తేమ మెల్లగా లోపలికి చేరుతుంది.

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. ఎయిర్ తీసేటప్పుడు నిపుల్‌కు ట్యూబు తగిలించి, దాని కొసను సీసాలోని ఆయిల్‌లో ముంచి పెట్టారు. కుర్రాడు పెడల్ తొక్కుతుంటే దూరపు చక్రం నుంచి మొదలుపెట్టారు. పని బాగా వచ్చినవాళ్లే. చిక్కంతా మిగిలిన ఆయిల్ దగ్గర వస్తోంది. లీటరు డబ్బాలో సగం పారబోయడం ఏ షెడ్డుకూ గిట్టుబాటు కాదు, ఆ మాట నిజమే. దానికి మందు చిన్న డబ్బాలే. బండికి సరిపడా సీలు డబ్బాను యజమానే కొని తెచ్చి, తన ఎదుటే తెరిపించుకోవచ్చు. సీసాలోకి దిగిన పాత ఆయిల్ బుడగలు అణిగాక ఎంత తేటగా కనిపించినా తిరిగి పోయనివ్వకూడదు.