చీర తిరగేసి చూడండి

పోచంపల్లి ఇక్కత్ చీర 600కే అంటే ఈమధ్య ముందు తిరగేసి చూస్తున్నాను. ఇక్కత్‌లో నూలుకే కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు, నేత ఆ తర్వాతే. అందుకే రంగు రెండువైపులా ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. వెనకవైపు వెలవెలబోతే అది అచ్చు గుడ్డే.

"ఎక్కడ నేశారు బాబూ?" అంటే "అన్నీ ఒకటే మేడమ్" అంటాడు సేల్స్ కుర్రాడు. పాపం, అతనికి మాత్రం ఎవరు చెప్పారు!

మరమగ్గం మీద నేసిన ఇక్కత్ మాత్రం ఈ పరీక్షకి దొరకదు. దానికి చేనేత మార్క్ లేబుల్ వెతుక్కోవాలి. 2006 నుంచీ ఉన్నదే, మనమే అడగం.

అసలు చేనేత ఖరీదెక్కువే. ఈ దసరాకి ఒక్కటే కొంటా, అదీ ఇక్కత్ నేసే పుట్టపాకలోనో కొయ్యలగూడెంలోనో. ఎవరైనా వస్తారా?