గెలిచాడు సరే, నవ్వడేం?

అమెరికాలో రాత్రి భోజనాల వేళ పెద్దవాళ్ళున్న ఇంటికి ఫోన్ చేస్తే చాలాచోట్ల విసుక్కుంటారు. అది ‘జెపర్డీ’ వచ్చే సమయం. 1964లో మెర్వ్ గ్రిఫిన్ మొదలుపెట్టిన క్విజ్ ఇది. 1984 నుంచి 2020 నవంబరులో పోయేదాకా అలెక్స్ ట్రెబెక్ నడిపాడు. మన కోటీశ్వరుడి కార్యక్రమాల్లోలాగా పోటీదారుడి కష్టాలు, ముందు వరసలో కూర్చున్న అమ్మ కన్నీళ్ళు ఇక్కడ ఉండవు. ముగ్గురు నిలబడతారు. బోర్డు మీద ఆరు అంశాలు, ఒక్కోదాని కింద అయిదు గళ్ళు. మొదటి రౌండులో పైగడి 200 డాలర్లు, అట్టడుగుది 1000. జవాబు క్విజ్ నడిపేవాడు చదువుతాడు, దానికి ప్రశ్న వీళ్ళు చెప్పాలి. మధ్యలో ఒక్కొక్కరితో కాస్త పలకరింపు, అంతే. ఆ కాస్తలోనే చూసేవాళ్ళు మనిషిని తూచేస్తారు.

2014 జనవరి ఆఖర్లో ఆ బల్ల వెనక ఆర్థర్ చూ నిలబడ్డాడు. మా క్లీవ్‌లాండ్ శివారు బ్రాడ్‌వ్యూ హైట్స్ వాడే. తల్లిదండ్రులు తైవాన్ నుంచి వచ్చినవాళ్ళు. పగలు ఇన్సూరెన్స్ ఉద్యోగం, తీరిక వేళల్లో వాయిస్ ఓవర్లు. బొద్దు మనిషి, నలిగిన చొక్కా. గళ్ళు ఎంచుకోవడంలో ఒక వరస లేదు. చరిత్రలో అట్టడుగు గడి అడిగినవాడు మరుక్షణం భూగోళంలో నాలుగోది అడిగేవాడు, అక్కణ్ణించి సినిమాలకి గెంతేవాడు. ట్రెబెక్ మాట పూర్తికాకముందే తర్వాతి గడి చెప్పేసేవాడు. బజర్‌ని కసిదీరా టకటకా నొక్కేవాడు. గెలిచినా ముఖంలో ఏమీ కనిపించేది కాదు.

ఆ చలికాలం మా మామగారు తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. బయట అడుగుపెడితే చెవులు కొరికేసే చలి, ఇంట్లో టీవీ తప్ప వేరే దిక్కులేదు. ఇంగ్లీషు ప్రశ్నలు సగం అందకపోయినా ఆటలోని లెక్క మాత్రం ఆయనకి ఇట్టే అందేసింది. “అల్లుడుగారూ, ఇతను మన దగ్గర పుట్టుంటే ఎంసెట్‌లో ర్యాంకు కొట్టేవాడండీ” అన్నారు రెండోరోజే.

ఆయన చెప్పింది నిజమే. బోర్డులో డెయిలీ డబుల్ అనే గళ్ళు దాగుంటాయి, మొదటి రౌండులో ఒకటి, రెండో రౌండులో రెండు. అది తగిలినవాడు తన దగ్గరున్న సొమ్మెంతైనా పందెం కాయొచ్చు, అడ్డొచ్చేవాడు ఉండడు. అవి ఎక్కువగా కిందివరసల్లోనే ఉంటాయి. ఆర్థర్ గెంతులన్నీ వాటి వేటే. పైగా ఎటు గెంతుతాడో తెలియక పక్కవాళ్ళు తికమకపడతారు. ఈ పద్ధతి అతను కనిపెట్టిందేం కాదు. 1985లో చక్ ఫారెస్ట్ అనే పోటీదారుడు ఇలాగే ఆడితే దానికి ‘ఫారెస్ట్ బౌన్స్’ అని పేరొచ్చింది. ఆర్థర్ ఆటకి వెళ్ళేముందు గూగుల్లో వెతికి నేర్చుకున్నాడు. ఒకసారి క్రీడల అంశంలో డెయిలీ డబుల్ తగిలితే అయిదంటే అయిదే డాలర్లు కాసి, తెలీదని చెప్పేశాడు. మామగారు తొడమీద చరుచుకుని, “చూశారా! ఆ గడి అవతలివాళ్ళకి దొరక్కుండా మింగేశాడు. తెలియని ప్రశ్న మీద టైమెందుకు తగలేస్తాడు!” అన్నారు.

పక్కింటి పెద్దావిడకి మాత్రం అతన్ని చూస్తేనే ఒళ్ళు మండేది. ఆవిడ స్కూలు టీచరుగా రిటైరైంది, ఏళ్ళ తరబడి సోఫాలోంచే ఈ ఆట ఆడుతోంది. “వరసగా పైనుంచి దిగుతుంటే ఆ అంశం పోకడ నాకు అర్థమవుతుంది. ఈ అబ్బాయి గెంతుతుంటే నేను మొదటి గడి దగ్గరే ఉండిపోతున్నా” అని మొత్తుకునేది. అందులో న్యాయముంది. పోటీ ముగ్గురి మధ్యే అయినా ఇళ్ళలో కూర్చుని ఆడేవాళ్ళు లక్షల్లో ఉంటారు.

మరో గొడవ ‘టై’ గురించి. మాటవరసకి, మొదటివాడి దగ్గర 20,000, రెండోవాడి దగ్గర 15,000 ఉన్నాయనుకోండి. ఆఖరి ప్రశ్నకి రెండోవాడు మొత్తం కాసి 30,000కి చేరొచ్చని, మొదటివాడి స్థానంలో ఎవరున్నా 10,001 కాస్తారు. ఆర్థర్ పద్ధతిలో 10,000 చాలు. అప్పటి నియమం ప్రకారం సమానమైతే ఇద్దరూ విజేతలే, ఇద్దరికీ పూర్తి డబ్బు. కట్టేది టీవీవాళ్ళు, ఇతనికి పైసా నష్టం లేదు. ఒకరోజు నిజంగానే అలా ఇద్దరూ గెలిచారు. పోటీలో ఉన్న మనిషికి అంతకన్నా ఎవరైనా ఏం మేలు చేస్తారు? అయినా అతనికి విలన్ అన్న పేరే మిగిలింది.

నాలుగు ఆటలు గెలిచాక, మధ్యలో వేరే టోర్నమెంట్లు రావడంతో మూడు వారాలు విరామం. నోళ్ళకి పని దొరికింది. చొక్కా గురించి, ఒళ్ళు గురించి, ఆఖరికి కళ్ళ గురించి కూడా ట్విట్టర్లో రాశారు. మాకిది కొత్త కాదు. అంతకు కొద్దినెలల ముందే, 2013 సెప్టెంబరులో, విజయవాడ మూలాలున్న నీనా దావులూరికి మిస్ అమెరికా కిరీటం పెడితే ఆ రాత్రే ఆ అమ్మాయిని అరబ్బువని, టెర్రరిస్టువని తిట్టినవాళ్ళున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన పిల్ల! నీనా ఆ మాటల్ని పట్టించుకోకుండా హుందాగా దాటేసింది. మన ఇళ్ళలో అందరూ మెచ్చుకున్నారు, పిల్లలకి చెప్పుకున్నారు. ఆర్థర్ దారి వేరు. తనని తిట్టిన తిట్లనే ఏరి తన పేజీలో మళ్ళీ పెట్టి ఎగతాళి చేశాడు. ఎపిసోడ్లు నెలల ముందే తీసేసినవి కాబట్టి తను ఎప్పటిదాకా గెలుస్తాడో అతనికి తెలుసు. ఇంట్లో కూర్చుని తాపీగా జవాబులిచ్చాడు.

నాకు అతను నచ్చాడని చెప్పలేను. ట్రెబెక్‌ని అలా తోసేసి ముందుకెళుతుంటే నాకూ చిరాకేసేది. కానీ ఓడిపోకూడదని కోరుకున్నాను. ఎందుకంటే ఇక్కడ మేం ఎన్నేళ్ళున్నా పేరంటానికి వచ్చినవాళ్ళలాగే మసులుతాం. ఆఫీసు లిఫ్టులో వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడతాం, చూడని ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి తలూపుతాం, మన ఐడియా మనమే చెప్పి “బహుశా తప్పేమో” అని చివర తగిలిస్తాం. అతను వాటిలో ఒక్కటీ చెయ్యకుండా 11 ఆటలు గెలిచి, 2,97,200 డాలర్లు సంపాదించి, మార్చి 12న ఓడిపోయి వెళ్ళాడు.

2019లో లాస్ వేగస్ జూదరి జేమ్స్ హోల్‌జవర్ వచ్చాడు. అవే గెంతులు, ఇంకా పెద్ద పందేలు. ఒకరోజు లెక్కేసి మరీ సరిగ్గా 1,10,914 డాలర్ల దగ్గర ఆగాడు, విడదీస్తే 11-09-14, అది కూతురి పుట్టినరోజు తేదీ. సణిగినవాళ్ళు లేకపోలేదు గానీ జనం మాత్రం ఎగబడి చూశారు. 32 ఆటలు గెలిచాడు. అతను నవ్వుతాడు, బిడ్డ కబురు చెబుతాడు. అదొక్కటే కారణమా, లేక అప్పటికి జనానికి అలవాటైపోయిందా అంటే, రెండూ ఉన్నాయనే నా అనుమానం. 2021లో మ్యాట్ అమోడియో మనుషుల గురించి అడిగినా ‘హూ’ అనకుండా ‘వాట్స్’ అనే మొదలుపెడుతుంటే, రూలు ఒప్పుకున్నా, మళ్ళీ అదే రుసరుస.

మొన్న పక్కింటావిడ ఇంటికి అరిసెలు ఇవ్వడానికి వెళ్తే ఆట వస్తోంది. ఎవరో కుర్రది 200 గడి నుంచి ఒక్కొక్కటే పద్ధతిగా దిగుతోంది. ఆవిడ అరిసె తుంచుకుంటూ, “ఇంత నెమ్మదిగా ఆడితే డెయిలీ డబుల్ ఎప్పుడు దొరుకుతుంది ఈ పిల్లకి?” అని విసుక్కుంది.