నేల అందరిదీ, గూడు నీది

పిల్లల చేత గది సర్దించడం కంటే గండికోటను ముట్టడించడం సులువేమోనని నాకు చాలాసార్లు అనిపించింది. మా ఇంట్లో పిల్లలిద్దరికీ కలిపి ఒక గది ఉంది. అమ్మాయికి పదేళ్ళు, అబ్బాయికి ఏడు. మంచం మీద పుస్తకాలు, రాసుకునే బల్ల మీద విడిచిన బట్టలు, బట్టల అలమరలో బొమ్మలు, నేల మీద ఇవన్నీ కలిసి. బుజ్జగించాను, కసిరాను, చివరికి చక్కగా ముద్రించిన నియమావళి ఒకటి గోడకు అంటించాను. మూడో నాటికి ఆ నియమావళి కూడా మంచం కింద కనిపించింది.

ఒక ఆదివారం ఓర్పు నశించి, వాళ్ళు ఆటకు వెళ్ళిన సమయం చూసి, నేనే నడుం బిగించాను. రెండు సంచుల చెత్త తేలింది. మంచం కింద ఓ మూలన పాత చెప్పుల డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే గులకరాళ్ళు, ఏదో పక్షి ఈక, సగం అరిగిన సుద్దముక్క. అది కూడా సంచిలో పడింది. చెత్త బండి వచ్చింది, పోయింది.

సాయంత్రం అమ్మాయి వచ్చి గదిని చూసి సంతోషిస్తుందనుకున్నాను. అది గదిని చూడనే లేదు. నేరుగా మంచం కిందికి దూరి, కాసేపటికి బయటికి వచ్చి, "నా డబ్బా ఏది నాన్నా?" అని అడిగింది. చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఆ రాళ్ళు అంతకు ముందటి వేసవిలో మేము జమ్మలమడుగు వెళ్ళినప్పుడు, నారాపుర వేంకటేశ్వరస్వామి గుడి దాటి పెన్న ఇసుకలోకి దిగి, ఎండను లెక్కచేయకుండా అది ఏరుకున్నవి. అప్పుడు సంచి పట్టుకుని పక్కన నిలబడ్డది నేనే. ఆ సంగతి దానికి గుర్తుంది, నాకే లేదు. మూడు రోజుల పాటు నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ గది అద్దంలా ఉంది. అయినా అందులోకి తొంగిచూడాలంటే నాకు మనసొప్పలేదు.

ఆ రాత్రులలోనే మా పాత ఇల్లు పదే పదే గుర్తుకు వచ్చింది. జమ్మలమడుగులో మాది మిద్దె. దూలాల మీద దంతెలు పరిచి, వాటి మీద చౌడుమట్టి వేసి తొక్కించిన పాతకాలపు కట్టడం. వెలుతురుకు పైన గవాచి. ఆ ఇంట్లో పడకగది అన్న మాటే లేదు, పిల్లల గది సంగతి సరేసరి. పగలు అందరం కూర్చుని తినే పడసాలలోనే రాత్రి చాపలు పడేవి. తెల్లవారగానే చాప చుట్టి మూలన నిలబెట్టాలి, బొంత మడిచి దాని పక్కన పెట్టాలి. లేకపోతే అవ్వ పరక పట్టుకుని వచ్చి తలాపున నిలబడేది. కసువు ఊడ్చనిదే పొయ్యి వెలగదు, పొయ్యి వెలగనిదే మాకు కడుపు నిండదు. జమ్ము పెరిగే మడుగు వల్ల మా ఊరికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. జమ్ముతో చాపలు అల్లుతారు. కాబట్టి చాప చుట్టడం మా ఊరిపేరులోనే ఉందని నేను సరదాగా అంటుంటాను.

మరి ఇంతమంది పిల్లల వస్తువులు ఎక్కడుండేవి? గూళ్ళలో. రాతిగోడలు కావడంతో వాటి మందం రెండడుగులకు తక్కువ ఉండేది కాదు. ఆ మందంలోనే గోడ కట్టేటప్పుడు గూళ్ళు వదిలేవాళ్ళు. దీపానికొకటి, దేవుడికొకటి, తాతగారి కళ్ళద్దాలకూ పొడికాయకూ ఒకటి. పడసాలలో కింది వరుసగా ఉన్న నాలుగు గూళ్ళు మాత్రం పిల్లలవి. బడిలో వేసిన నాడే అవ్వ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి నా గూడు చూపించింది. "ఇది నీ గూడు అబ్బీ. నేల అందరిదీ, గూడు నీది. నేల మింద నీ సామాను యాడన్నా కనపడిందా, అది నాది. గూట్లో ఉండేది నేను ముట్టుకోను. తినేటిది మాత్తరం పెట్టగాకు, చీమలు పడతాయి."

మా ఇంటి రాజ్యాంగం అంతే. అవ్వ దానిని అక్షరాలా పాటించింది. నేల మీద వదిలేసిన నా బొంగరం వారం రోజులు ఆమె చీరె చెంగున ముడిపడి ఉండటం నాకు తెలుసు. నా గూట్లో చింతపిక్కలు, చిల్లపెంకులు, కాలిపోయిన టార్చిలైటు బల్బు, సైకిలు చైను ముక్క ఉన్నా ఆమె ఏనాడూ చెయ్యి పెట్టలేదు. ఉగాదికి ముందు ఇంటికి సున్నం కొట్టే రోజున మాత్రం, "మీ గూళ్ళు మీరే దులుపుకోండి" అని కేకేసేది. అందరం మా ఆస్తులను నడింట్లో పోసుకుని కూర్చునేవాళ్ళం. ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. గూడు చిన్నది, కొత్తది రావాలంటే పాతది పోవాలి. ఎన్నుకోవడం అన్న విద్యను నేను మొదట నేర్చుకున్నది అక్కడే.

పెద్దయ్యాక మారియా మాంటిసోరి గురించి చదివినప్పుడు నాకు ఈ గూళ్ళే కళ్ళముందు మెదిలాయి. ఆమె 1907లో రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో తన మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచారు. మొదట్లో అక్కడ ఉపాధ్యాయురాలు వస్తువులను బీరువాలో పెట్టి తాళం వేసేది. ఒకనాడు తాళం వేయడం మరచిపోయింది. మర్నాడు వచ్చేసరికి పిల్లలు తమకు కావలసినవి తామే తీసుకుని పనిలో ఉన్నారు. ఆమె దానిని దొంగతనం అనుకుంది. మాంటిసోరికి మాత్రం అందులో మరొకటి కనిపించింది. ఏ వస్తువు ఎక్కడిదో పిల్లలకు తెలుసు, తమకేది కావాలో ఎంచుకోవడమూ తెలుసు. అప్పటినుండి ఎత్తయిన బీరువాల స్థానంలో పిల్లలకు అందే ఎత్తులో, తలుపులు లేని అరలు వచ్చాయి. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చారు. యుద్ధం కారణంగా 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పేరైనా వినని మా అవ్వ చూపిన గూడు కూడా పిల్లవాడికి అందే ఎత్తులోనే ఉండేది, దానికీ తలుపు లేదు.

ఈ ఆలోచనలన్నీ పోగేసుకుని, మళ్ళీ వేసవి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు, పొద్దుటూరు నుండి వచ్చిన అక్క దగ్గర నా సిద్ధాంతం విప్పాను. మన కాలంలో పిల్లలకు ఎంత క్రమశిక్షణ ఉండేదో, ఎవరి చాప వాళ్ళు ఎట్లా చుట్టుకునేవాళ్ళమో వర్ణించి చెప్పాను. అక్క అంతా విని నవ్వింది.

"రేయ్, నీ చాప ఎవరు చుట్టినార్రా? నువ్వు లేసి దంతపుల్ల నోట్లో పెట్టుకోని ఏటికి పోతాంటివి. నీ చాప, అన్న చాప, నాయన చాప నేనే గదా చుడ్తాంటి. కసువు నేనే గదా ఊడుస్తాంటి. నీకు నీ గూడొక్కటే గ్యాపకం."

నాకు నోట మాట రాలేదు. అక్క అంతటితో ఊరుకోలేదు. "వచ్చిన కాడ్నించీ చూస్తాండా. గది గది అని ఆ పాపనే అంటావే? పిల్లోణ్ని ఒక్క మాటా అనవే?"

నిజమే. ఇద్దరి గది అది. చెత్తలో సగానికి పైగా అబ్బాయిదే. నా కసురు మాత్రం ఎప్పుడూ అమ్మాయి మీదనే పడేది. "పెద్దదానివి కదా" అనేవాణ్ణి. ఆ మాట వెనుక ఉన్నది వయసు కాదని అక్క ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. అవ్వ రాజ్యాంగంలో గూళ్ళు అందరికీ సమానంగానే పంచబడ్డాయి. అందరిదీ అన్న నేల మాత్రం ఒక్కరి నడుము మీద శుభ్రపడింది. ఇన్నేళ్ళుగా నేను గొప్పగా తలచుకున్న ఆ క్రమశిక్షణలో సగం అక్క చాకిరీ.

ఆ సాయంత్రం పిల్లలిద్దరికీ నా పాత గూడు చూపించాను. ఇప్పుడందులో సెల్‌ఫోన్ ఛార్జరు ఉంది. అమ్మాయి చెయ్యి పెట్టి లోతు కొలిచి, "ఇంతేనా నాన్నా నీ గది?" అంది. ఇంతే అన్నాను. తరువాత అందరం ఏటికి వెళ్ళాం. ఈసారి రాళ్ళు ఏరడానికి నేనూ వంగాను. డబ్బా సంగతి ఎత్తి, తప్పయిపోయిందని చెప్పాను. అది తల ఊపింది. క్షమించిందో లేదో నేను అడగలేదు.

తిరిగి వచ్చాక గదిలో కింది అలమర తలుపులు ఊడదీయించాను. లోపలి అరలు కడప బండలవి. ఎర్రగుంట్ల ప్రాంతపు నల్లరాయి మా పిల్లల గదిదాకా వచ్చి ఉందని నేను అప్పుడే గమనించాను. ఒక అర అమ్మాయిది, ఒకటి అబ్బాయిది. వాటిలో ఏమున్నా మేము ముట్టుకోము, తినేవి తప్ప. నేల మాత్రం రాత్రి పడుకోబోయే ముందు ఖాళీ కావాలి. ఒకరోజు అమ్మాయి ఊడిస్తే మరునాడు అబ్బాయి. ఆదివారం నా వంతు. ఈ చివరి షరతు అమ్మాయి పెట్టినది. దానితోపాటు నా రాతబల్ల మీది కాగితాల గుట్ట గురించి కూడా ఒక ప్రశ్న వేసింది, దానికి జవాబు ఇంకా వెతుకుతున్నాను.

గది అద్దంలా ఉందని చెప్పను. వారంలో నాలుగు రోజులు నేల కనిపిస్తుంది, మూడు రోజులు కనిపించదు. అబ్బాయి వంతు రోజున కసువు మంచం కిందికే పోతుంది, మళ్ళీ పిలిచి తీయించాలి. "అక్క ఊడుస్తుందిలే" అని వాడు ఒకసారి అన్నాడు. ఆ మాట వినగానే పెద్ద గొంతుతో అరవబోయి, ఆగి, పరక వాడి చేతికిచ్చి పక్కన నిలబడ్డాను. వాడి వయసులో నాకు ఎవరూ ఆ పని చేయలేదు.

అమ్మాయి అరలో మళ్ళీ ఒక చెప్పుల డబ్బా చేరింది. అందులో ఏముందో నాకు తెలియదు.